పిన్ని చీర మీద రవ్వ

హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్లో ఒక రోజు ఆడవాళ్లకే కేటాయిస్తారు కదా. ఈసారి ఆ రోజున మా పిన్నినీ వాళ్లమ్మాయినీ వెంటబెట్టుకుని గాంధీభవన్ మెట్రో స్టేషన్లో దిగాను. చెల్లి మెడలో కెమెరా ఉంది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన ఇరవై రెండు వేలు పోసి, నెల క్రితమే సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుంది. ఆ సాయంత్రమంతా చెల్లి తీసిన ఫొటోలకు లెక్క లేదు. గాజుల దుకాణం ముందు పిన్ని, జెయింట్ వీల్, లక్నో చికన్ పని కుర్తాల గుట్టలు, మిర్చిబజ్జీ తింటూ కళ్లనీళ్లు పెట్టుకున్న నేను.

మర్నాడు రాత్రి ఫోన్ చేసింది. గొంతు పూడుకుపోయి ఉంది. "అక్కా, కెమెరా పాడైపోయింది. అమ్మ చీర మీద రవ్వ జల్లినట్టుంది."

ఫొటో పంపింది. నిజమే. పిన్ని కట్టుకున్నది ముదురు నీలం ధర్మవరం. ఆ నీలం మీద ఎరుపు, ఆకుపచ్చ పలుకులు బొంబాయి రవ్వ ఒలికినట్టు పరుచుకున్నాయి. బుగ్గల మీదా అవే. గాజుల దుకాణం పైకప్పు కిందైతే నీడ అంతా పొక్కిపోయినట్టుంది. ఫొటోలు తీసేవాళ్లు దీన్నే నాయిస్ అంటారు, పాత రీలు కాలం వాళ్లు గ్రెయిన్ అంటారు.

చీకట్లో తీసింది కదా, వస్తుందిలే అందామనుకున్నాను. అది మాత్రం ఇంకో ఫొటో పంపింది. ఆ మధ్యాహ్నం పబ్లిక్ గార్డెన్స్‌లో, నడినెత్తిన ఎండలో, బంతిపూల మడి. దాని మీదా రవ్వే! నాకూ గుండె గుభేలుమంది. చీకట్లో వచ్చిందంటే అర్థముంది, ఎండలో రావడమేమిటి?

అప్పటికే అది ఒక దుకాణానికి వెళ్లొచ్చింది. కౌంటర్ దగ్గరి మనిషి తెరమీద ఫొటో పెద్దది చేసి చూసి, "సెన్సర్ పోయిందమ్మా, పద్నాలుగు వేలవుతుంది" అన్నాడట. కెమెరా చేతిలోకి తీసుకుని ఒక్క ఫొటో కూడా తీసి చూడలేదు. మీకెందుకమ్మా ఇంత పెద్ద కెమెరా, ఫోన్ చాలు కదా అని కూడా అన్నాడట. చెల్లిని ఎక్కువ బాధపెట్టింది ఆ మాటే. నన్నూ అదే బాధపెట్టింది. ఈ ముచ్చట్లు రాయడానికి కూర్చున్నది అందుకే, చెల్లెమ్మా. మన చేతిలో ఉన్న వస్తువు ఎలా పనిచేస్తుందో మనకు తెలిస్తే, ఎవరో ఒక్క మాట అనగానే పద్నాలుగు వేలు తీసి బల్లమీద పెట్టం.

ఆ ఆదివారం ఆబిడ్స్‌లో కలిశాం. ఆదివారం పొద్దున ఆబిడ్స్ సంగతి నీకు తెలియంది కాదు. దుకాణాలన్నీ మూసి ఉంటాయి, వాటి ముందు కాలిబాటల మీద పాత పుస్తకాలు తెరుచుకుంటాయి. జనరల్ పోస్టాఫీసు దగ్గర్నుంచి పుస్తకాలు చూసుకుంటూ నడిచి, తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ, కాఫీ చెప్పి, కెమెరా బల్లమీద పెట్టుకున్నాం.

మొదట ఫొటోని పెద్దది చేసి చూడటం మానెయ్యమన్నాను. ప్రతి ఫొటో వెనకా కెమెరా తన చేతిరాతతో ఒక చీటీ రాసి పెడుతుంది. ఫొటో చూస్తున్నప్పుడు ఇన్ఫో బటన్ నొక్కితే ఆ చీటీ తెర మీదికి వస్తుంది. షట్టర్ ఎంత (వెలుగుకి తలుపు ఎంతసేపు తెరిచింది), అపర్చర్ ఎంత (కిటికీ ఎంత వెడల్పు; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ సన్నం), ఐఎస్ఓ ఎంత (పడ్డ వెలుగుని ఎంత పెంచి చూపించింది) అన్నీ అందులో ఉంటాయి. రోగిని చూడకుండా మందు రాసే డాక్టర్ని నమ్మం కదా, ఈ చీటీ చూడకుండా కెమెరా పాడైందని చెప్పే మాటనీ నమ్మకూడదు.

బంతిపూల ఫొటో చీటీలో ఇలా ఉంది: షట్టర్ 1/4000, అపర్చర్ ఎఫ్ 20, ఐఎస్ఓ 6400.

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. జనవరి ఎండలో ఐఎస్ఓ 100 సరిపోతుంది. ముందురోజు రాత్రి నుమాయిష్‌లో ఎవరో చెబితే ఐఎస్ఓని 6400కి తిప్పింది, మర్నాడు వెనక్కి తిప్పడం మరిచిపోయింది. పాపం కెమెరా ఏం చేస్తుంది? సెన్సర్ మీద పడే వెలుగుని అరవై నాలుగు రెట్లు పెంచి చూపించమని మా చెల్లే చెప్పింది, బయటేమో మండే ఎండ. అందుకని అది తలుపు రెప్పపాటు కూడా తెరవకుండా, కిటికీ పిడికెడు సందుకి మూసేసి, ఎండలోనే చీకటి తెచ్చుకుని ఫొటో తీసింది. ఎఫ్ 20 దాకా మూయడంతో పూలరేకుల అంచుల పదును కూడా పోయింది. ఎండలో తీసిన ఫొటోలో ఊహించని నాయిస్ కనబడితే పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదేనని నా అనుభవం. చీటీలో షట్టర్ వేలల్లో ఉండి, ఐఎస్ఓ కూడా వేలల్లో ఉందంటే దొంగ దొరికినట్టే.

చెల్లి మొహంలోకి అప్పుడే కొంచెం రంగొచ్చింది. "అయితే అమ్మ ఫొటో సంగతి?"

దానికి ముందు అసలు ఈ రవ్వ ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పాలి. సంక్రాంతి ముగ్గులో రంగు నింపేటప్పుడు చూడు. పిడికెడు రంగుని గుమ్మం పొడవునా పలచగా చల్లితే ఒకచోట నాలుగు పలుకులు పడతాయి, పక్కనే ఒక్కటే పడుతుంది. నేల మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. గుప్పెళ్లతో నిండుగా చల్లితే ఆ తేడా కంటికి ఆనదు. వెలుగు కూడా పలుకులుగానే పడుతుంది. మా చెల్లి కెమెరా సెన్సర్ మీద రెండు కోట్ల నలభై లక్షల గడులున్నాయి. ఒక్కో గడిలో సగటున వంద పలుకులు పడితే, గడికీ గడికీ మధ్య పదేసి తేడా ఉంటుంది, అంటే నూటికి పది. అదే పదివేలు పడితే తేడా వంద, అంటే నూటికి ఒకటే. ఇది ప్రకృతి లెక్క, ఏ కంపెనీ కెమెరా అయినా దీన్ని తప్పించుకోలేదు. వెలుగు నాలుగింతలు చేస్తే ఫొటో రెండింతలు శుభ్రంగా వస్తుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఐఎస్ఓ పెంచితే వెలుగు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. రేడియోలో దూరపు స్టేషన్ సరిగా తగలనప్పుడు గొంతు పెంచితే, పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది చూశావా, అంతే. అలాగని ఐఎస్ఓ అంటే భయపడమని కాదు. నీకు చేతనైనంత వెలుగు తెచ్చుకున్నాక, ఇంకా చాలకపోతే ధైర్యంగా పెంచు. గరగరలోనైనా పాట వినబడుతుంది. చెయ్యి కదిలి అలుక్కుపోయిన ఫొటోని మాత్రం ఎవరూ బాగుచెయ్యలేరు.

పిన్ని ఫొటో చీటీ చూశాం. ఐఎస్ఓ 6400, షట్టర్ 1/60, లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6. పైగా వెనకాల గాజుల మీది బల్బులు వెలిసిపోకూడదని ఎక్స్‌పోజర్‌ని రెండు మెట్లు తగ్గించింది. అంటే రావాల్సిన వెలుగులో పావు వంతే లోపలికి రానిచ్చింది. తర్వాత ఫోన్లో వేసుకుని ప్రకాశం పెంచింది. నీడలో ఉన్న నీలం చీర మీద పడ్డవే నాలుగు పలుకులు, వాటిని ఇంతింత చేసింది. రవ్వ కాక ఏమొస్తుంది?

ఇక్కడ లెన్స్ సంగతి కూడా చెప్పాలి. కెమెరాతో పాటు ఇచ్చే 18-55 లెన్స్‌లో ఒక మెలిక ఉంది. 18 దగ్గర ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది, జూమ్ చేసి 55కి వచ్చేసరికి 5.6 దగ్గరే ఆగిపోతుంది. లోపలికి వచ్చే వెలుగు సగానికన్నా తక్కువైపోతుంది. రాత్రిపూట జూమ్ చేసే బదులు రెండడుగులు ముందుకు నడవడం మేలు. నాలుగు డబ్బులు చేతిలో ఉంటే సెన్సర్ మార్పించే ఆలోచన మానేసి, జూమ్ లేని 50 ఎఫ్ 1.8 లెన్స్ కొనుక్కో. చాలా కంపెనీల్లో చవకగా దొరికే లెన్సుల్లో అదొకటి. 5.6తో పోలిస్తే దాదాపు పదింతల వెలుగు లోపలికి వస్తుంది. అదే దుకాణం ముందు ఐఎస్ఓ 6400 బదులు 640తో సరిపోయేది.

ఇంకో ఫొటోలో అడ్డంగా చారలున్నాయి, గీతల చీర ఆరేసినట్టు. అది నాయిస్ కాదు. మన కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది, దాంతో కొన్ని ఎల్ఈడీ దీపాలు, ట్యూబులు సెకనుకి వందసార్లు ఆరి వెలుగుతుంటాయి. కంటికి తెలియదు గానీ 1/1000 షట్టర్‌కి తెలుస్తుంది. షట్టర్‌ని 1/100కో 1/50కో దించితే చారలు మాయమవుతాయి. చప్పుడు లేకుండా ఫొటో తీసే సైలెంట్ షట్టర్ ఉన్న కెమెరాల్లో ఈ చారలు మరీ ఎక్కువ. పెళ్లి మండపంలో మంత్రాల మధ్య టకటక వద్దని దాన్ని వాడి, తర్వాత పెళ్లికూతురి మొహం నిండా చారలు చూసి బాధపడినవాళ్లు నాకు తెలుసు.

ఇంత చెప్పినా చెల్లికి ఓ మూల అనుమానం. "నిజంగానే సెన్సర్ పోయి ఉంటే?" అడగాల్సిన ప్రశ్నే. పాత కెమెరా, ఎవరెలా వాడారో తెలియదు. అందుకని కాఫీ గ్లాసులు పక్కకి జరిపి అక్కడే పరీక్ష పెట్టాం. లెన్స్‌కి మూత పెట్టాం, కన్ను పెట్టి చూసే చోటు నుంచి కూడా వెలుగు చొరబడకుండా చున్నీ కప్పాం. ఐఎస్ఓ 100, షట్టర్ 1/100. నల్లగా వచ్చింది, కాటుక డబ్బాలా. తర్వాత ముప్పై సెకన్లు తెరిచి ఉంచి తీశాం, అలాంటివే రెండు ఫొటోలు. రెండింటిలోనూ మూడు చుక్కలు ఒకే చోట ఉన్నాయి: ఒకటి ఎరుపు, ఒకటి నీలం, ఒకటి తెలుపు. వీటిని హాట్ పిక్సెల్స్ అంటారు. రెండు కోట్ల నలభై లక్షల్లో మూడంటే ఊళ్లో ముగ్గురికి జలుబు చేసినట్టు. నాయిస్‌కీ వీటికీ తేడా తెలుసుకోవడం సులువు. నాయిస్ ప్రతి ఫొటోలోనూ కొత్తగా చిందుతుంది, హాట్ పిక్సెల్ కూర్చున్న చోటు వదలదు. కొన్ని కెమెరాల్లో, ముఖ్యంగా ఒలింపస్‌లో, వీటిని వెతికి కప్పిపెట్టే పిక్సెల్ మ్యాపింగ్ మెనూలోనే ఉంటుంది. కొన్నింటికి సర్వీస్ సెంటర్లో చేస్తారు.

మన ఊరి ఎండలకి ఇంకో సంగతి. సెన్సర్ వేడెక్కితే వెలుగు పడకపోయినా పలుకులు తనంతట తనే పుట్టిస్తుంది. ఆరేడు డిగ్రీలు పెరిగేకొద్దీ ఇవి దాదాపు రెట్టింపవుతాయి. మే నెలలో మూసిన కారులో కెమెరా వదిలేసి, సాయంత్రం తీసి రాత్రి ఫొటోలు మొదలుపెడితే చుక్కలు పెరిగాయని కంగారుపడకు, ముందు దాన్ని చల్లబడనివ్వు. వెనక తెర వెలిగించి గంటల తరబడి వీడియో తీసినా ఇదే జరుగుతుంది.

అయితే ఎప్పుడు నిజంగా బాగుచేయించుకోవాలి? మంచి వెలుగులో ఐఎస్ఓ 100 దగ్గర తీసినా రవ్వ పోకపోతే, ప్రతి ఫొటోలోనూ ఒకే చోట నిలువు గీత వస్తుంటే, మూత పెట్టి తీసిన మామూలు ఫొటోలోనే రంగుల మరకలు తేలితే, అప్పుడు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లు. మెమొరీ కార్డు నీ దగ్గరే ఉంచుకో. నీ ఎదురుగా ఒక ఫొటో తీసి లోపం చూపించమని అడుగు. ఎంతవుతుందో కాగితం మీద రాయించుకో. అడగడానికి మొహమాటపడకు, చెల్లెమ్మా. కూరగాయల దగ్గర తూకం చూసుకునే మనం ఇక్కడ కళ్లు మూసుకోవడమెందుకు?

హోటల్ నుంచి బయటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రందాకా పుస్తకాల గుట్టల్లో తిరిగాం. నడుస్తూ దానికి రాజా దీనదయాళ్ గురించి చెప్పాను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. ఆయన 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. అందులో ఫొటోలు తీసింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. నూట ముప్పై ఏళ్ల కిందటే ఈ ఊళ్లో ఒక ఆడమనిషి అంతటి బరువైన కెమెరా వెనక నిలబడి పనిచేసింది. ఆ రోజుల్లో స్టూడియోలకి గాజు పైకప్పులు వేసేవాళ్లు. గాజు పలకల మీద పూసిన మందు వెలుగుని తాగినంత తాగేది మరి. వాళ్ల తంటా కూడా మనదే: వెలుగు ఎలా తెచ్చుకోవడం? మీకెందుకమ్మా ఇంత పెద్ద కెమెరా అన్న మనిషికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండునని చెల్లి అంది.

చీకటి పడ్డాక మొజంజాహీ మార్కెట్ దగ్గరికి చేరాం. 1935 నాటి ఆ రాతి కట్టడం 2020లో మరమ్మతులు చేశాక రాత్రిళ్లు దీపాల్లో మెరిసిపోతోంది. ట్రైపాడ్ లేదు. చున్నీ మడతపెట్టి పిట్టగోడ మీద వేసి, దాని మీద కెమెరా ఆనించాం. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, షట్టర్ ఎనిమిది సెకన్లు, వేలు తగిలి కదలకుండా రెండు సెకన్ల టైమర్. ఫొటో రాగానే చెల్లి తెరని కళ్లకి ఆనించుకుంది. గడియారపు గోపురం రాళ్ల మధ్య గచ్చు గీతలు కూడా కనిపిస్తున్నాయి. రవ్వ లేదు. ఆకాశం నల్లగా, నున్నగా ఉంది. "రాత్రే కదక్కా ఇది కూడా!" అంది. అవును మరి. ఎనిమిది సెకన్లు ఓపిగ్గా పట్టుకుంటే రాత్రి కూడా కావలసినంత వెలుగిస్తుంది. కదలని రాతికి అది కుదిరింది, కదిలే పిన్నికి కుదరదు. అక్కడ పెద్ద కన్నున్న లెన్సే దిక్కు. ముప్పై సెకన్లలాంటి ఫొటోలు తీశాక కెమెరా ఇంకో ముప్పై సెకన్లు బిజీ అని చూపిస్తే బిగుసుకుపోయిందనుకుని బ్యాటరీ లాగెయ్యకు. అది కళ్లు మూసుకుని అలాంటిదే ఒక నల్ల ఫొటో తీసుకుని, అందులోని చుక్కల్ని నీ ఫొటోలోంచి తీసేస్తుంటుంది.

దారిలో చెల్లి అడిగింది, నువ్వూ అడుగుతావని తెలుసు: మరి ఫోన్లో ఇంత రవ్వ ఉండదేం? ఫోన్ సెన్సర్ చిన్న గింజంత. అందుకే అది నైట్ మోడ్‌లో ఒక్క ఫొటో తియ్యదు, వరసగా చాలా తీసి ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. తొమ్మిది కలిపితే రవ్వ మూడో వంతుకి తగ్గుతుంది. మిగిలింది నున్నగా పాముతుంది. ఆ పామడమే నాకు నచ్చదు. కెమెరా మెనూలో కూడా నాయిస్ రిడక్షన్ అని ఉంటుంది. దాన్ని పైమెట్టు మీద పెడితే రవ్వతో పాటు పిన్ని కళ్ల చివర ముడతలు, చీర జరీ అన్నీ కరిగి, మనిషి మైనపు బొమ్మవుతుంది. అరవై రెండేళ్లు బతికి తెచ్చుకున్న మొహం అది. కింది మెట్టు మీదే ఉంచమన్నాను.

ఆఖరికి నుమాయిష్ ఫొటోని పారెయ్యకుండా, ఒరిజినల్ ఫైల్ తెరిచి, చీరని చీకట్లోనే ఉండనిచ్చి, మొహం దగ్గర మాత్రం కాస్త వెలుగు పెంచి, 4 బై 6 సైజులో ప్రింట్ వేయించాం. ఆ సైజులో వేస్తే దాదాపు పదకొండు గడులు కలిసి కాగితం మీద ఒక చుక్కవుతాయి. ఫోన్లో పెద్దది చేసి చూసినప్పుడు మనల్ని ఏడిపించిన రవ్వలో మూడింట రెండు వంతులకు పైగా అక్కడే కనుమరుగైపోతుంది.

పిన్ని ప్రింట్ అందుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. నాయిస్ గొడవంతా చెల్లి చెప్పబోయింది, పిన్ని వినలేదు. నలభై ఏళ్ల కిందట బాబాయితో మొదటిసారి నుమాయిష్‌కి వెళ్లినప్పుడు కూడా సరిగ్గా ఇలాంటి ఆకుపచ్చ గాజులే కొనుక్కుందట. అప్పుడు తీసిన ఫొటో రీలు కడిగించేలోపే పాడైపోయిందట. "ఇంకో కాపీ వేయించి పెద్దక్కకి పంపించవే" అని ప్రింట్‌ని బీరువాలో పట్టుచీరల మడతల్లో పెట్టేసింది.